ఆకుల కన్నీళ్లు తుడిచిన గుడ్డ

జూన్ 5

బుడంకాయ్‌కి అత్త చెప్పి రాయిస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం, కీరపాదులు తప్ప. పట్నంలో తిండి ఎలా ఉంది, గదిలో గాలి ఆడుతోందా, జుట్టుకి నూనె పెడుతున్నావా, అవన్నీ చివర్లో అడుగుతాను. నువ్వు విత్తనాలు పరీక్ష చేసే ఆఫీసులో చేరావు కాబట్టి ముందు పాదుల సంగతి విను.

ఆకులు ఏడుస్తున్నాయి. మాట వరసకి అనడం లేదు. ఆకు మీద నీళ్లు ఇంకినట్టు మచ్చలు. గుండ్రంగా ఉంటే ఏ పురుగో అనుకుందును. ఇవి మూలలు తేలి, కత్తెరతో కత్తిరించిన ముక్కల్లా ఉన్నాయి. (ఈ పోలిక నాది. - దర్జీ) పొద్దున్నే ఆకు తిప్పి చూస్తే మచ్చ మచ్చకీ ఒక బొట్టు. ఎండెక్కేసరికి ఆ బొట్టు ఆరిపోయి తెల్లగా అంటుకుపోతుంది. ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన పిల్ల చెంప మీద చారలుంటాయే, అలాగ.

అవి మీ నాయనమ్మ గింజలు. నా పెళ్లికి నగ పెట్టలేక అగ్గిపెట్టెలో గింజలు పోసి ఇచ్చింది. ఆ రోజు నాకు ఒళ్లు మండింది కానీ, ఇప్పుడు గిడ్డంగి వెనక తోటలో ఎవరి మడి చూసినా నా కీరే. నగ పెట్టి ఉంటే మీ మామయ్య సైకిల్ షాపులో ట్యూబులై పోయేది.

ఇదంతా పక్కమడి వాడి నిర్వాకమని నా అనుమానం. వాడెవడో నేను చెప్పను. ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నవాడే. (నా మడిలోనూ మచ్చలొచ్చాయి. అక్క అనుమానం తప్పు. - దర్జీ) చూశావా, నేను చెప్పనిది కూడా రాస్తున్నాడు. కొట్టెయ్యి. కొట్టేశావా? కొట్టెయ్యలేదు.

వెంటనే జవాబు రాయి.

అత్త


జూన్ 9

అత్తకి,

ఉత్తరం రాగానే నిలబడే చదివాను. కూర్చుని చేసే ఉద్యోగం మన ఇంట్లో నాకే మొదట వచ్చిందని నువ్వు వీధంతా చెప్పావు కదా, ఇక్కడేమో పొద్దుటి నుంచీ నిలబడే ఉంటున్నాను. తెల్లకోటు ఇచ్చారు. అందులో నాలాంటి వాళ్లు ఇద్దరు పడతారు. గదిలో గాలి ఆడుతోంది. నూనె పెడుతున్నాను.

నువ్వు చెప్పిన గుర్తులు వింటుంటే అది బ్యాక్టీరియా తెగులేమో అనిపిస్తోంది. బ్యాక్టీరియా అంటే కంటికి కనపడని జీవులు. ఆకులోని ఈనెలు వాటికి గోడల్లా అడ్డం పడతాయి. అందుకే మచ్చకి మూలలు తేలతాయి. కానీ చూడకుండా ఏదీ చెప్పకూడదని మా పెద్దమేడం మొదటి రోజే చెప్పారు.

కాబట్టి కొన్ని ఆకులు కోసి, పాత పేపరు మడతల్లో పెట్టి పంపు. నేనే స్వయంగా చూస్తాను. ఇక్కడ చేరాక నా చేతికి వచ్చే మొదటి కేసు ఇదే. చాలా జాగ్రత్తగా చేస్తాను.

దర్జీ బాబాయిని అనుమానించకు. ఆయన నొచ్చుకుంటే నీ మాటలు నాకు ఎవరు రాస్తారు?

నీ మేనకోడలు


జూన్ 14

బుడంకాయ్‌కి,

ఆకులు పంపుతున్నాను. తోటంతా తిరిగి ఏరి ఏరి కోశాను. నీ మొదటి కేసు అన్నావు కదా, నీ పరువు నా చేతిలో ఉందని నాకు తెలియదా? మీ మామయ్య ఇంట్లో ఉన్న మంచి పేపరంతా చింపేశాడు. ఇంకా చదవని పేపరని ఇప్పుడు ఏడుస్తున్నాడు. చింపినవాడూ ఆయనే, ఏడ్చేవాడూ ఆయనే.

కంటికి కనపడని జీవులు నీకెలా కనపడతాయి? దర్జీ ఏదో అద్దం ఉంటుందంటున్నాడు. అలాంటిది ఉంటే ముందు వాడు తీసుకోవాలి, నా జాకెట్టుకి కుట్టు ఎక్కడ తప్పాడో కనపడుతుంది. (కుట్టు తప్పలేదు. అక్క ఒళ్లు చేసింది. - దర్జీ)

అత్త


జూన్ 20

అత్తకి,

ఆకులు అందాయి. ఫలితం రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఎందుకంటే వాటిలో ఏమీ లేదు.

ఆకు అంచు కత్తిరించి నీటిబొట్టులో వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, తెగులున్న ఆకు నుంచి పాలపొగలా బ్యాక్టీరియా బయటికి వస్తుంది. మూడు ఆకులు చూశాను, పక్క బల్ల అమ్మాయితోనూ చూపించాను. పొగ లేదు, మచ్చా లేదు. మేడం వచ్చి ఒక ఆకు చేతిలోకి తీసుకుని, "ఇంత శుభ్రమైన ఆకు మన బల్ల మీదికి ఎప్పుడూ రాలేదమ్మాయ్, ఎవరు పెంచారు?" అన్నారు. మా అత్త అని చెప్పాను. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

రూలు ప్రకారం 'పంపిన ఆకుల్లో తెగులు లేదు' అని కాగితం ఇచ్చారు, దీనితో పెడుతున్నాను. కానీ అత్తా, నాకు ఏదో తేడాగా ఉంది. మరి నువ్వు చెప్పిన మచ్చలేవి? ఇంకోసారి పంపు.

నీ మేనకోడలు


జూన్ 27

బంగారు బుడంకాయ్‌కి,

నువ్వు నా తల ఎత్తించావు. తోట సంఘం మీటింగులో దర్జీ చేతే ఆ కాగితం చదివించాను. సంఘానికి సెక్రటరీ వాడే కదా. "పంపిన ఆకుల్లో తెగులు లేదు" అని వాడు చదువుతుంటే అందరి మొహాలూ చూడాలి! నా గింజలు మంచివి కావని గొణిగిన ఇద్దరూ లేచి వెళ్లి నీళ్లు తాగొచ్చారు. మళ్లీ వేసుకుంటామని అడిగిన వాళ్లందరికీ అగ్గిపెట్టెల్లో గింజలు పంచాను.

మీ మేడంకి కూడా ఒక అగ్గిపెట్టె పంపుతున్నాను. మంచి మనిషి. ఆకు చూసి మనిషిని పోల్చుకుంది.

ఇంకోసారి ఆకులు ఎందుకు? ఆ మచ్చలవి పంపమంటావా? చాల్లే. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల బల్ల మీదికి మొహం పాడైన ఆకులు పంపితే మీ వాళ్లు ఏమనుకుంటారు, వీళ్లింట్లో ఇంతేనా అనుకోరూ? అందుకే ఒక్క మరక లేనివి ఏరి, కడిగి, తుడిచి పంపాను.

మచ్చలవాటి సంగతి నేను చూసుకుంటున్నాను. పొద్దున్నే ఎండ రాకముందే మెత్తటి పాత గుడ్డ తడిపి పట్టుకెళ్లి, ఒక్కో ఆకు కన్నీళ్లూ తుడుస్తున్నాను. నా మడి అయ్యాక పక్క మడులవి కూడా. ఎవరి పాదైతేనేం, మీ నాయనమ్మ గింజే కదా. దర్జీ మడి చివర తుడుస్తాను, ముందు తుడిస్తే వాడికి గర్వం. (అక్క రోజూ తుడుస్తున్నా నా మడిలో మచ్చలు పెరుగుతూనే ఉన్నాయి. ఇది గమనించాలి. - దర్జీ)

తల్లి లాంటి
అత్త


జూలై 1

అత్తా, అత్తా, అత్తా,

గుడ్డ కింద పెట్టు. ఉత్తరం తర్వాత చదవచ్చు, దర్జీ బాబాయ్, ముందు ఆ గుడ్డ కింద పెట్టించండి.

పెట్టించారా? ఇప్పుడు విను. ఆకు మీద కనిపించేది కన్నీరు కాదు. ఆ బొట్టు నిండా బ్యాక్టీరియా. అవి నడవలేవు, ఎగరలేవు. తడి ఉంటేనే కదులుతాయి. వాన చినుకు ఎగిరిపడితే పక్క ఆకుకి వెళ్తాయి, ఎవరైనా తడి పాదుల మధ్య నడిస్తే వాళ్ల చేతులకీ బట్టలకీ అంటుకుని వెళ్తాయి. నువ్వు వాటిని తడిగుడ్డలో ఎక్కించుకుని, ఆకు ఆకుకీ దింపుతూ, తోటంతా తిప్పి, చివర దర్జీ బాబాయి మడిలో అప్పగిస్తున్నావు.

నిన్ను తప్పు పట్టడం లేదు. లోకంలో ఇంత ప్రేమగా ఈ తెగులుని పంచినవాళ్లు ఇంకొకరు ఉండరని పక్క బల్ల అమ్మాయి అంది. మెచ్చుకోలుగానే అంది.

ఇంకొక భయం ఉంది. ఈ తెగులు గింజలో దాక్కుని ఒక పంట నుంచి ఇంకో పంటకి వస్తుంది. గింజ పైకి నున్నగా, ఆరోగ్యంగానే కనపడుతుంది. నువ్వు మేడంకి పంపిన అగ్గిపెట్టె నేనే దాచాను. ఆవిడ ఇంటి పెరట్లో వేస్తానని ఇప్పటికే రెండుసార్లు అడిగారు. ఆ గింజల్ని మూతపెట్టిన పెట్టెలో మొలకెత్తించి చూస్తున్నాను. ఫలితం వచ్చేదాకా ఇంకెవరికీ గింజలు ఇవ్వకు.

నీ మేనకోడలు


జూలై 5

విత్తనాల ఆఫీసు మేడం గారికి,

గుడ్డ కింద పెట్టాను.

మీ నాయనమ్మ గింజలో రోగం ఉందన్నావు. మీ నాయనమ్మ తొంభై ఏళ్లు బతికింది. ఒక్క రోజు దగ్గలేదు.

కానుకగా పంపిన గింజల్ని పెట్టెలో పెట్టి మూత వేశావు. చదువుకున్నవాళ్లు కానుకలు అలా తీసుకుంటారు కాబోలు.

మామయ్య బాగున్నాడు.

ఇట్లు
సైకిల్ షాపు వారి భార్య

(ఇంతే చెప్పింది. నేను ఏమీ కలపలేదు. - దర్జీ)


జూలై 16

అత్తకి,

ఈ ఉత్తరం చదివి వినిపించేది సంఘం సెక్రటరీ కాబట్టి, ఇందులో దాచడానికి ఏమీ లేదు. దాచి ఉండేదాన్ని కూడా కాదు.

గింజలు మొలిచాయి. మొదటి రెండాకుల మీదే నీళ్లు ఇంకినట్టు మచ్చలు వచ్చాయి, అన్నిటికీ కాదు, కొన్నిటికి. అంచు కత్తిరించి చూశాను. ఈసారి పొగ వచ్చింది. ఎంత స్పష్టంగా వచ్చిందంటే, అందరూ వచ్చి చూసి నన్ను మెచ్చుకున్నారు. మొదటి కేసులోనే పట్టుకున్నావన్నారు. నేను చేతులు కడుక్కునే గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

రోగం నాయనమ్మది కాదు. ఆవిడ రోజుల్లో ఈ మచ్చలు ఉంటే నీకు తెలిసేది. ఏ ఏడాదో ఎక్కణ్ణించో ఒక పాదుకి అంటి, దాని కాయలోంచి గింజలోకి వచ్చి ఉంటుంది. నువ్వు పంచిన అగ్గిపెట్టెలు వెనక్కి తీసుకోవాలి అత్తా. మచ్చల పాదులు పీకి తగలబెట్టాలి. గింజల డబ్బా మాత్రం ఉంచు. దాని గురించి మేడంని అడుగుతున్నాను.

కోపం తగ్గాక నన్ను మళ్లీ బుడంకాయ్ అని పిలు.

నీ మేనకోడలు


జూలై 20

అమ్మాయికి దర్జీ బాబాయి దీవించి రాయునది.

ఈ ఉత్తరం నా సొంతం. అక్క చెప్పనూ లేదు, అక్కకి తెలియదు కూడా.

నీ ఉత్తరం చదివి వినిపించాను. అక్క లేచి, ఇంటింటికీ వెళ్లి, పంచిన అగ్గిపెట్టెలన్నీ తనే వెనక్కి తెచ్చింది. ఒకావిడ అప్పుడే గింజలు నాటానంటే, మట్టి తవ్వి మరీ తెచ్చింది.

సంఘం కూర్చుంది. పాదులు తగలబెట్టాలన్నారు, తగలబెట్టాం. గింజలు కూడా ఒక్కటి మిగల్చకుండా కాల్చాలని, వచ్చే ఏడు అందరూ కొనుక్కొచ్చిన పాకెట్లే వేయాలని తీర్మానించారు. ఆ తీర్మానం నా చేత్తోనే రాశాను. డబ్బా తెమ్మని నన్నే పంపారు. వెళ్తే అక్క ఆ డబ్బాని ఒళ్లో పెట్టుకుని వంటింటి గడప మీద కూర్చుంది. మీ మామయ్య బయట నిలబడి, "ఇప్పుడు లోపలికి వెళ్లకు, నేను పొద్దున్నుంచీ టీ కూడా అడగలేదు" అన్నాడు. నేను వెనక్కి వచ్చి సంఘానికి, డబ్బా మూత బిగుసుకుపోయిందని, వారం పడుతుందని చెప్పాను.

సెక్రటరీగా ఇంతకన్నా అబద్ధం ఆడలేను. గింజలో రోగం చంపి గింజని బతికించే దారి ఏదైనా ఉంటే వెంటనే రాయి.

దర్జీ బాబాయి


జూలై 24

అత్తకి,

దారి ఉంది. వేడినీళ్లు.

బ్యాక్టీరియా చచ్చి, గింజ చావని వేడి ఒకటి ఉంటుంది. ఆ రెంటికీ మధ్య సందు చాలా ఇరుకు. నీళ్లు కాస్త చల్లబడితే రోగం బతుకుతుంది, కాస్త ఎక్కువైతే గింజ పోతుంది. కొలిచే థర్మామీటరు వేరే పార్శిల్‌లో పంపుతున్నాను, నీళ్ల వేడి ఎక్కడ ఉండాలో దాని మీద ఎర్ర సిరాతో గీత గీశాను. ఎంతసేపు ఉంచాలో చీటీ కూడా అందులోనే పెట్టాను. తర్వాత చల్లటి నీళ్లలో ముంచి తీసి, నీడలో ఆరబెట్టి, ఇదివరకు ఎప్పుడూ కీర, దోస, సొర, బీర పెరగని చోట వేయాలి.

రోగం పూర్తిగా పోతుందని మేడం మాట ఇవ్వలేదు. చాలా మటుకు పోతుందన్నారు. కాబట్టి మొలిచాక ఆకులు చూస్తూ ఉండాలి. మచ్చ ఎండి రాలిపోతే అక్కడ చిల్లు పడుతుంది, అది కూడా చూడాలి. ఏ ఒక్క ఆకు మీద అనుమానం వచ్చినా, అన్నిటికన్నా వికారంగా ఉన్నది పంపాలి. అందమైనది కాదు. వికారమైనది. నా పరువుకి ఏమీ కాదు.

సంఘాన్ని ఈ ఒక్క పంట ఆగమని అడగండి, దర్జీ బాబాయ్. కావాలంటే మేడం చేత సంతకం పెట్టిస్తాను.

నీ మేనకోడలు


ఆగస్టు 16

బుడంకాయ్‌కి,

పిలిచాను. ఇక విను.

నీ ఉత్తరం ముందు వచ్చింది, పార్శిల్ రాలేదు. ఆగమని దర్జీ మొత్తుకున్నాడు. వేడినీళ్లు అన్నావు కదా, మళ్లీ కొలతేమిటి, రోగం చావాలంటే నీళ్లు తెర్లాలి కదా అనుకున్నాను. సగం డబ్బా గిన్నెలో పోసి మరిగించాను. తడిగుడ్డలో కట్టి రోజూ విప్పి చూశాను. ఒక్కటి పగిలితే ఒట్టు. చక్కగా ఉడికాయి. అప్పుడు తెలిసింది, నువ్వు సందు ఇరుకు అన్నది ఎందుకో.

థర్మామీటరు వచ్చాక ముందు అది పని చేస్తుందో లేదో చూడాలి కదా. మీ మామయ్య ఒళ్లు నొప్పులని ముసుగుతన్ని పడుకున్నాడు. నోట్లో పెట్టాను. నీ ఎర్రగీత దరిదాపులకి కూడా పోలేదు. "నీకేం లేదు, లేచి నీళ్లు మొయ్యి" అన్నాను. మోశాడు పాపం. సాయంత్రం డాక్టరు చూసి జ్వరమే అన్నాడు.

మిగిలిన సగం ముగ్గురం కలిసి చేశాం. దర్జీ గీత చూస్తున్నాడు, నేను గరిటెతో తిప్పుతున్నాను, మీ మామయ్య జ్వరంతోనే చెంబు పట్టుకుని "పొయ్యనా, పొయ్యనా" అంటున్నాడు. దర్జీ సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా అంత గుడ్లప్పగించి చూసి ఉండడు. (గీత దాటనివ్వలేదు. - దర్జీ)

మొలిచాయి, బుడంకాయ్. దర్జీ కొట్టు వెనక గుడ్డ పీలికలు పారేసే చోట వేశాం, అక్కడ ఇదివరకు గడ్డి తప్ప ఏదీ పెరగలేదు. సంఘం ఈ ఒక్క పంటకి ఆగింది. ఇందులో మచ్చ వస్తే, నాటగా డబ్బా అడుగున మిగిలినవి కూడా కాల్చాలి. మాట ఇచ్చాను.

ఒకటే కష్టం. పొద్దున్నే ఆకుల మీద తడి చూస్తే నా చేతులు ఆగడం లేదు. నాకు తెలియకుండానే వెళ్లిపోతున్నాయి. దర్జీ చూసి, నాకు ముందు కట్టుకునే ఏప్రన్ ఒకటి కుట్టాడు. దానికి రెండు లోతైన జేబులు. ఆకులు ఆరేదాకా చేతులు అందులో పెట్టుకుని నిలబడాలి. వీధిలో పోయేవాళ్లు నన్ను చూసి ఎవరో పోలీసాఫీసరనుకుంటున్నారు.

అత్త


సెప్టెంబరు 12

బుడంకాయ్‌కి,

తొందరలో రాయిస్తున్నాను. ఒక ఆకు మీద చిల్లు పడింది. మచ్చ ఎండి రాలిపోతే చిల్లు పడుతుందని నువ్వే అన్నావు. పాదులో అంతకన్నా వికారమైన ఆకు లేదు. కడగలేదు, తుడవలేదు. దానికి పట్టిన మట్టితో సహా పంపుతున్నాను.

నిద్ర పట్టడం లేదు. దర్జీ కుట్టిన రెండు చొక్కాలకీ ఎడమ చెయ్యి కుడివైపు వచ్చింది. (నిజమే. - దర్జీ)

అత్త


సెప్టెంబరు 17

అత్తకి,

ఆకు అందింది. ఇంత వికారమైనది మా బల్ల మీదికి ఈ మధ్య రాలేదు. నిన్ను చూసి గర్వపడ్డాను.

చిల్లు అంచు చుట్టూ కత్తిరించి చూశాను. ఆకు మిగతా భాగాలు కూడా చూశాను. మేడం నన్ను జరగమని తనే కూర్చుని చూశారు. తర్వాత ఆవిడ అద్దం మీంచి తల ఎత్తి అన్నారు: "గొంగళిపురుగు కొరికిందమ్మాయ్."

అంతే అత్తా. గొంగళిపురుగు. ఆకలేసి తింది. తెగులు లేదు. కాగితం పెడుతున్నాను. ఈసారి నా మనసు కూడా దానితో ఏకీభవిస్తోంది.

నీ మేనకోడలు


నవంబరు 3

బుడంకాయ్‌కి,

ఆ పురుగుని పట్టుకున్నాను. వదిలేశాను. అంత భయపెట్టిందని కోపం వచ్చింది కానీ, గొంగళిపురుగు అనే మాట అంత తియ్యగా నేనెప్పుడూ వినలేదు.

కాయలు పండి పసుపుపచ్చగా మారాయి. గింజ తీసి, కడిగి, నీడలో ఆరబెట్టాం. నువ్వు చెప్పావని మళ్లీ ఎర్రగీత దగ్గర ముంచాం. సంఘం వాళ్లు వచ్చి తలా ఒక అగ్గిపెట్టె తీసుకున్నారు. ప్రతి పెట్టె మీదా "తడి ఆకు ముట్టుకోవద్దు" అని దర్జీ రాశాడు. ఇంటికెళ్లి నా గురించి నవ్వుకుని ఉంటారు. నవ్వనీ. గింజ ఉంది కదా.

నిన్న పొద్దున పాదుల దగ్గర నిలబడ్డాను. ముసలి ఆకులు, అడుగున అన్నిటికీ బొట్లే. మంచు బొట్లో, కన్నీళ్లో నాకు తెలియలేదు. చేతులు జేబుల్లోనే ఉంచాను. పిడికిళ్లు బిగించి ఉంచాను. ఎండ గిడ్డంగి కప్పు దాటి ఇటు వచ్చింది. బొట్లు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. వంగి చూశాను. తెల్లగా ఏమీ మిగల్లేదు. ఆకు ఆకులాగే ఉంది. నేనే కాస్త కళ్లు తుడుచుకున్నాను, ఆ పాత గుడ్డతో కాదులే. దాన్ని ఎప్పుడో బాగా మరగబెట్టి మీ మామయ్యకి ఇచ్చాను, సైకిళ్లు తుడుచుకుంటున్నాడు.

మీ మేడంకి అగ్గిపెట్టె పంపుతున్నాను. ఈసారి మూత పెట్టకుండా ఇవ్వు.

సెలవు దొరికిందన్నావు, రా. కానీ బస్సు దిగి తిన్నగా పాదుల దగ్గరికి పరిగెత్తకు. రోజంతా ఆఫీసులో ఎవరెవరి రోగిష్టి ఆకులు పట్టుకుని ఉంటావో నాకేం తెలుసు? ముందు ఇంటికొచ్చి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో. తర్వాత గోడకి రెండు ఏప్రన్లు వేలాడుతుంటాయి. చిన్నది నీది. నీ తెల్లకోటు కొలత నమ్మకుండా, దర్జీ నీ పాత గౌను చూసి కుట్టాడు.

జేబులు లోతుగా పెట్టించాను.

అత్త